మళ్ళీ వినిపించిన మాన్రూ

1901 మే 29వ తేదీ రాత్రి, జర్మనీలోని డ్రెస్డెన్ నగరపు రాజాస్థాన నాటకశాలలో ఒక కొత్త సంగీత నాటకానికి తెర లేచింది. ఎర్నెస్ట్ ఫాన్ షుఖ్ అనే సుప్రసిద్ధ నిర్దేశకుడు వాద్యబృందాన్ని నడిపించాడు. నాటకం పేరు మాన్రూ. దాని కర్త నలభై ఏళ్ళ పోలిష్ సంగీతజ్ఞుడు ఇగ్నాసీ యాన్ పదరెవ్‌స్కీ. అప్పటికే ఐరోపా, అమెరికా ఖండాలలో అంతటి పియానో విద్వాంసుడు లేడని పేరు పొందినవాడు. అయినా ఆ రాత్రి ఆయన పరీక్షకు నిలిచిన విద్యార్థి వంటివాడే. ఇతరుల రచనలను వాయించి గడించిన కీర్తి ఒక ఎత్తు, తన సొంత రచన లోకం ముందు నిలవడం మరొక ఎత్తు. ఆ నాటకం ఆనాడు గెలిచింది. ఏడాది తిరగకముందే అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటింది. ఆ తరువాత క్రమంగా మరుగునపడింది. ఒక శతాబ్దం గడిచాక దాన్ని తిరిగి రంగస్థలానికి తెచ్చే ప్రయత్నాలు బలపడ్డాయి. ఆ నాటకం కథ, దాన్ని రచించినవాని కథ విడదీయరానివి.

పాశ్చాత్యులు ఒపేరా అని పిలిచే ప్రక్రియ మనకు బొత్తిగా అపరిచితమైనది కాదు. మన యక్షగానంలో వలెనే అందులోనూ పాత్రలు పాడుతూ కథను నడుపుతాయి. అయితే మద్దెల, తాళాలకు బదులు అక్కడ పదులకొద్దీ వాద్యకారులతో కూడిన బృందం ఉంటుంది. ప్రతి వాద్యకారుడూ వాయించవలసిన ప్రతి స్వరమూ ముందుగానే కాగితం మీద లిఖింపబడి ఉంటుంది. గాయకుని మనోధర్మానికి చోటు బహుస్వల్పం. మరచిపోయిన కావ్యం గ్రంథాలయంలో ఏ ఒక్క పాఠకుని చేతికి చిక్కినా తిరిగి బ్రతుకుతుంది. మరచిపోయిన ఒపేరా అలా బ్రతకదు. గాయకులు, వాద్యకారులు, నర్తకులు, శిల్పులు, దర్జీలు మొదలుకొని వందమందికి తక్కువ కాకుండా కూడితే తప్ప అది మూగగానే ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే తక్కిన కథ సులభంగా బోధపడుతుంది.

పదరెవ్‌స్కీ 1860 నవంబరు 18న పొడోలియా ప్రాంతంలోని కురిలూవ్‌కా గ్రామంలో జన్మించాడు. ఆ గ్రామం నేడు ఉక్రెయిన్ దేశంలో ఉంది. అప్పుడది రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. అసలు ఆ రోజుల్లో పోలండ్ అనే దేశమే పటంలో లేదు. 1772, 1793, 1795 సంవత్సరాలలో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యాలు మూడు విడతలుగా దాన్ని పంచుకున్నాయి. తండ్రి యాన్ జమీందారీ ఎస్టేటుల నిర్వాహకుడు. తల్లి ఈ శిశువు పుట్టిన కొన్ని మాసాలకే కన్నుమూసింది. 1863లో రష్యా పాలనపై పోలిష్ ప్రజలు తిరుగుబాటు చేశారు. ఆ సందర్భంలో తండ్రిని సైనికులు నిర్బంధించి చెరసాలకు తరలించారు. మూడేళ్ళయినా నిండని బాలుడు, అతని అక్క బంధువుల ఇంట పెరగవలసి వచ్చింది. తల్లి ముఖం తెలియని పిల్లవానికి తండ్రిని సంకెళ్ళతో తీసుకుపోవడం తొలి జ్ఞాపకాలలో ఒకటిగా మిగిలింది. పదరెవ్‌స్కీ తరువాతి జీవితంలో చేసిన అనేక పనులకు మూలం ఇక్కడే వెదకాలని నాకు అనిపిస్తుంది.

పన్నెండవ ఏట అతడు వార్సా సంగీత కళాశాలలో చేరాడు. పియానో నీకు రాదు, ట్రాంబోన్ ఊదుకొమ్మని సలహా ఇచ్చిన గురువులు అక్కడ ఉన్నారు. గురువుల అంచనాలు ఎంతగా తప్పగలవో అధ్యాపక వృత్తిలో ఉన్న మావంటివారు అప్పుడప్పుడు తలచుకోవలసిన సంగతి ఇది. 1878లో చదువు ముగించి అదే కళాశాలలో బోధకుడయ్యాడు. 1880లో ఆంటొనీనా అనే సహాధ్యాయినిని వివాహమాడాడు. ఆ ఏడాదే కుమారుడు ఆల్ఫ్రెడ్ పుట్టాడు. పుట్టిన కొద్ది దినాలకే భార్య మరణించింది. కుమారుడు అంగవైకల్యంతో పెరిగాడు. ఇరవై ఏళ్ళకే భార్యావియోగం, రోగిష్టి బిడ్డ, చాలీచాలని జీతం. అయినా అతడు బెర్లిన్ వెళ్ళి ఫ్రెడ్రిక్ కీల్ వద్ద స్వరరచన అభ్యసించాడు. అతని తొలి కోరిక స్వరకర్త కావడమే కాని పియానో వాదకుడు కావడం కాదు. ఈ విషయాన్ని చరిత్రకారులు తరచు విస్మరిస్తారు.

1884లో అతడు దక్షిణ పోలండ్‌లోని టాట్రా పర్వతాలకు వెళ్ళాడు. అక్కడి కొండ గ్రామాలలో గొర్రెల కాపరులు పాడే పాటలు, వాయించే నృత్యగతులు విని వాటిని స్వరపరచుకున్నాడు. వాటి ఆధారంగా పియానో కోసం టాట్రా ఆల్బమ్ అనే సంపుటిని కూర్చాడు. మాన్రూ నాటకానికి విత్తనం పడింది ఆ కొండల్లోనే. అక్కడే అతనికి హెలేనా మొద్జెయెవ్‌స్కా అనే ప్రఖ్యాత నటితో పరిచయమయింది. ఆ యువకునిలోని శక్తిని ఆమె గుర్తించింది. క్రాకోవ్ నగరంలో కచేరీ ఏర్పాటు చేసి, అతడు వియన్నా వెళ్ళి చదువుకోవడానికి తోడ్పడింది. వియన్నాలో గురువు థియొడోర్ లెషెటిట్‌స్కీ అతనికి ఇరవై నాలుగేళ్ళు వచ్చాయని తెలిసి, వేళ్ళు వంగే వయసు దాటిపోయిందని సందేహించాడు. శిష్యుడు మాత్రం పట్టు విడువలేదు. పొద్దస్తమానం సాధన చేశాడు.

ఫలితం అందరికీ తెలిసినదే. 1888లో పారిస్, 1890లో లండన్, 1891 నవంబరులో న్యూయార్క్ అతనికి పట్టం కట్టాయి. మొదటి అమెరికా యాత్రలోనే వందకు పైగా కచేరీలు చేశాడు. కుడిచేతి వేలొకటి గాయపడినా ఆపలేదు. జూలువలె విచ్చుకున్న ఆయన ఎర్రని జుట్టును చూడడానికే వచ్చేవారు కొందరుండేవారు. ఆయన రచించిన చిన్న మినుయెట్ ఒకటి పియానో ఉన్న ప్రతి ఇంటా మోగేది. ఆయనకు దానితో విసుగు కూడా పుట్టింది. ఎందుకంటే ఆయన మనసు మరొకచోట ఉంది.

1890ల మధ్యకాలమంతా ఆయన కచేరీల నడుమ దొరికిన విరామాలలో ఒక ఒపేరా రచిస్తూ వచ్చాడు. కథ యూజెఫ్ క్రషెవ్‌స్కీ అనే పోలిష్ నవలాకారుడు 19వ శతాబ్ది మధ్యలో రాసిన నవల నుండి తీసుకున్నది. ఊరి వెలుపలి గుడిసె అని ఆ నవల పేరుకు అర్థం. దాన్ని నాటకంగా జర్మన్ భాషలో మలచినవాడు ఆల్ఫ్రెడ్ నోసిగ్.

కథ ఇది. టాట్రా కొండల్లోని ఒక పల్లెలో ఉలానా అనే యువతి ఉంది. ఆమె మాన్రూ అనే సంచారజాతి యువకుణ్ణి ప్రేమించి పెళ్ళాడింది. ఊరు ఆమెను వెలివేసింది. కన్నతల్లి హెడ్విగ్ తలుపు మూసింది. భర్తను విడిచివస్తేనే ఇంట అడుగుపెట్టనిస్తానని తల్లి, విడువనని కూతురు. తల్లి శపించింది. దంపతులు ఊరి వెలుపల గుడిసె వేసుకున్నారు. మాన్రూ కమ్మరి పని చేస్తున్నాడు. ఉలానా ఊయలలోని బిడ్డకు జోలపాట పాడుతోంది. అయినా మాన్రూ మనసు నిలవదు. ఒకనాడు దూరం నుండి తనవారి వయొలిన్ నాదం వినిపిస్తుంది. అంతటితో అతనిలో తెంచుకుపోవాలన్న తపన రగులుతుంది. ఉలానాను మూగగా ప్రేమించే ఉరోక్ అనే మరుగుజ్జు మంత్రగాడు ఆమెకు ఒక వశీకరణ రసాన్ని ఇస్తాడు. దాని ప్రభావం ఎన్నాళ్ళు? మూడవ అంకంలో పున్నమి వెన్నెలలో, కొండ సరస్సు ఒడ్డున, మాన్రూ తన జాతివారిని, తనను పూర్వం వలచిన ఆసా అనే సుందరిని కలుసుకుంటాడు. వారితో వెళ్ళిపోతాడు. ఉలానా సరస్సులో దూకి ప్రాణాలు తీసుకుంటుంది. పగబూనినవాని చేతిలో మాన్రూ కూడా హతుడవుతాడు.

ఈ కథలో మనకు ఆసక్తి కలిగించే అంశం ఒకటి ఉంది. జిప్సీలని లోకం పిలిచిన ఆ సంచారజాతివారు తమను రోమా అని చెప్పుకుంటారు. వారి పూర్వులు సుమారు వెయ్యేళ్ళ క్రితం భారతదేశపు వాయవ్య ప్రాంతం నుండి పడమటికి తరలిపోయినవారని భాషాశాస్త్రం నిర్ధారించింది. వారి భాషలో నీటికి పానీ అనే పేరు, మనిషికి మనుష్ అనే పేరు నేటికీ ఉన్నాయి. సంస్కృతం చదివినవారికి మనుష్య శబ్దం వెంటనే స్ఫురిస్తుంది. టాట్రా కొండల్లో వెలికి గురైన మాన్రూ, ఆ లెక్కన, మనకు దూరపు చుట్టమే.

సంగీతం విషయానికి వస్తే, పదరెవ్‌స్కీ జర్మన్ స్వరకర్త వాగ్నర్ మార్గాన్ని అనుసరించాడని ఆనాటి విమర్శకులు తరచు అన్నారు. ఒక్కొక్క పాత్రకు, ఒక్కొక్క భావానికి ఒక స్వరగుచ్ఛాన్ని కేటాయించి, అవసరమైనప్పుడల్లా దాన్ని వాద్యబృందంలో మెరిపించడం వాగ్నర్ పద్ధతి. అది ఇందులో ఉన్న మాట నిజమే. కాని మొదటి అంకంలోని పల్లె నృత్యాలు, మూడవ అంకంలోని రోమా వయొలిన్ గతులు వాగ్నర్ వద్ద నేర్చుకున్నవి కావు. రెండవ అంకం నాటకానికి ప్రాణం. బయట సమ్మెట దెబ్బ, లోపల ఊయల ఊపు. ఒకే గుడిసెలో ఈ రెండు లయల మధ్య నలిగిపోయే సంసారం. దీన్ని వినిపించగలిగినవాణ్ణి కేవలం అనుకర్త అనడం న్యాయం కాదు. మొదటి అంకంలో కొంత సాగతీత ఉన్నదని మాత్రం ఒప్పుకోక తప్పదు.

నాటకం డ్రెస్డెన్ చేరే నాటికి ఆయన ఇంట విషాదం అలముకొని ఉంది. ఆ 1901వ సంవత్సరంలోనే, ప్రదర్శనకు కొన్ని వారాల ముందు, కుమారుడు ఆల్ఫ్రెడ్ ఇరవై ఏళ్ళ వయసులో మరణించాడు. ఊయల పాట రాసిన తండ్రి ఆ పాటను తొలిసారి వాద్యబృందం సహితంగా విన్నది పుత్రశోకంలో ఉన్నప్పుడే.

డ్రెస్డెన్ విజయం వెంట విజయాలు వచ్చాయి. కొద్ది దినాలకే ల్వూవ్ నగరంలో పోలిష్ భాషలో ప్రదర్శన జరిగింది. 1902 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరా వేదికపై వాల్టర్ డామ్‌రాష్ నిర్దేశకత్వంలో మాన్రూ ప్రదర్శితమయింది. పోలిష్ గాయని మార్సెల్లా సెంబ్రిక్ ఉలానాగా, అలెగ్జాండర్ బండ్రోవ్‌స్కీ మాన్రూగా పాడారు. ఆ సంస్థ వేదికపైకి ఎక్కిన పోలిష్ స్వరకర్త ఒపేరా ఇదొక్కటేనని సంగీత చరిత్రకారులు చెబుతారు.

మరి అంతటి రచన ఎందుకు మరుగున పడింది? కారణం ఒక్కటి కాదు. మొదటిది కాలం. మాన్రూ పుట్టిన అదే డ్రెస్డెన్ నాటకశాలలో, అదే నిర్దేశకుని చేతిమీదుగా, 1905లో రిచర్డ్ స్ట్రాస్ రచించిన సలోమీ, 1909లో ఎలెక్ట్రా వెలువడ్డాయి. వాటి తీవ్రతకు అలవాటుపడిన చెవులకు మాన్రూ మాధుర్యం పాతబడినట్లు తోచింది. రెండవది లోకుల అపనమ్మకం. గొప్ప వాదకుడు గొప్ప రచయిత కాలేడని ఒక అభిప్రాయం ఎప్పుడూ ఉంటుంది. మూడవదే అసలైనది. ఒపేరాను బ్రతికించుకోవడానికి స్వరకర్త దాని వెంట తిరగాలి. ఒకదాని వెనుక మరొకటి రాయాలి. పదరెవ్‌స్కీ రెండవ ఒపేరా రాయలేదు. 1909లో బోస్టన్‌లో తొలిసారి వినిపించిన పొలోనియా సింఫొనీ తరువాత ఆయన స్వరరచన దాదాపు నిలిచిపోయింది. కలం పక్కన పెట్టి ఆయన దేశం పని మీదికి మళ్ళాడు.

1410లో గ్రున్‌వాల్డ్ యుద్ధంలో పోలిష్, లిథువేనియన్ సేనలు ట్యుటానిక్ వీరుల సైన్యాన్ని ఓడించాయి. ఆ విజయానికి ఐదు వందల ఏళ్ళు నిండిన సందర్భంలో, 1910 జూలై 15న, తన సొమ్ముతో చేయించిన మహాస్మారకాన్ని ఆయన క్రాకోవ్ నగరానికి కానుకగా ఇచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో నవలాకారుడు సెంకియెవిచ్‌తో కలిసి స్విట్జర్లాండ్‌లో యుద్ధబాధితుల సహాయ సంఘాన్ని స్థాపించాడు. తరువాత అమెరికా వెళ్ళాడు. కచేరీకి ముందో వెనుకో పోలండ్ దుస్థితిని గురించి ప్రసంగించేవాడు. వచ్చిన సొమ్మును స్వదేశానికి పంపేవాడు. అధ్యక్షుడు విల్సన్ సలహాదారు హౌస్‌తో స్నేహం సంపాదించి, 1917 జనవరిలో పోలండ్ స్వాతంత్ర్యంపై ఒక విజ్ఞాపనను అందజేశాడు. 1918 జనవరిలో విల్సన్ ప్రకటించిన పద్నాలుగు సూత్రాలలో పదమూడవది స్వతంత్ర పోలండ్ స్థాపన.

1918 డిసెంబరు 26న ఆయన పోజ్నాన్ నగరంలో అడుగు పెట్టాడు. మరునాడే అక్కడ జర్మన్ అధికారంపై తిరుగుబాటు చెలరేగింది. 1919 జనవరిలో ఆయన స్వతంత్ర పోలండ్‌కు ప్రధానమంత్రి, విదేశాంగమంత్రి అయ్యాడు. ఆ ఏడాది జూన్ 28న వర్సాయ్ సంధిపత్రం మీద రోమన్ ద్మోవ్‌స్కీతో కలిసి తన దేశం తరఫున సంతకం చేశాడు. 123 ఏళ్ళ తరువాత పోలండ్ పేరు పటంలోకి తిరిగి వచ్చింది. పరిపాలన మాత్రం ఆయనకు అంతగా అచ్చిరాలేదు. పక్షాల కలహాలతో విసిగి ఏడాది ముగియకముందే పదవి విడిచాడు. ఇంచుమించు ఐదేళ్ళ ఎడబాటు తరువాత 1922లో తిరిగి పియానో ముందు కూర్చున్నాడు. అప్పటికి ఆయన వయసు అరవై రెండు.

1939లో జర్మనీ పోలండ్‌ను ఆక్రమించింది. ఎనభై ఏళ్ళకు దగ్గరపడిన ఆ వృద్ధుడు ప్రవాసంలో ఏర్పడిన జాతీయ మండలికి అధ్యక్షుడయ్యాడు. తన జాతి కోసం మరొకసారి అమెరికా చేరి ఊరూరా మాట్లాడాడు. 1941 జూన్ 29న న్యూయార్క్‌లో మరణించాడు. ఆయన భౌతికకాయాన్ని ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఉంచారు. స్వతంత్రమైన మాతృభూమికి చేరేవరకు అక్కడే ఉండాలని ఏర్పాటు. అది నెరవేరడానికి యాభై ఏళ్ళు పైనే పట్టింది. 1992లో వార్సా నగరంలోని సెయింట్ జాన్ ప్రార్థనాలయానికి ఆ పేటిక చేరింది.

మధ్యకాలంలో జ్ఞాపకాలు చెదిరిపోయాయి. స్విట్జర్లాండ్‌లోని మోర్జ్ వద్ద ఆయన నివసించిన రియాన్ బోసన్ భవనాన్ని 1960ల్లో కూల్చివేశారు. ఆయన సంపాదకునిగా పేరు నిలిచిన షోపాన్ సంపూర్ణ రచనల ప్రచురణను పియానో విద్యార్థులందరూ వాడారు. కాని ఆ సంపాదకుడు ఒక ఒపేరా కూడా రాశాడని వారిలో ఎక్కువమందికి తెలియదు.

మరచిపోయిన ఒపేరాను లేపడంలో ఉండే చిక్కులు కొన్ని చెప్పుకోవాలి. గాయకుల కోసం అచ్చయిన పియానో ప్రతి దొరకవచ్చు. కాని వాద్యబృందంలో ప్రతి ఒక్కరి ముందు వారి వారి భాగం ఉండాలి. పాత ప్రతులలో లేఖక దోషాలు, ప్రతి నాటకశాల తన సౌకర్యం కొద్దీ చేసిన కోతలు ఉంటాయి. తాళపత్రాలలో పాఠభేదాలను పోల్చి చూసినట్లే వాటిని సరిచూడాలి. జర్మన్‌లో పాడాలా, పోలిష్‌లో పాడాలా అన్నది మరొక ప్రశ్న. అన్నింటికంటే మించి, మళ్ళీ ఎక్కడా పాడే అవకాశం రాని పాత్రను నెలల తరబడి కంఠస్థం చేయడానికి గాయకుడు సిద్ధపడాలి. టిక్కెట్లు అమ్ముడుపోతాయన్న పూచీ లేకుండా సంస్థ సొమ్ము పెట్టాలి.

పోలండ్ సంస్థలు ఈ భారాన్ని మోశాయి. వ్రోత్స్వాఫ్ ఒపేరా బృందం ఎవా మిఖ్నిక్ నిర్దేశకత్వంలో నాటకాన్ని ధ్వనిముద్రణ చేసింది. 2006లో బిద్గోష్ నగరపు ఒపేరా నోవా దాన్ని ప్రదర్శించింది. స్వాతంత్ర్యానికి నూరేళ్ళు నిండిన 2018లో వార్సా జాతీయ ఒపేరా మాన్రూను రంగమెక్కించింది. ఇవన్నీ ఒక విధంగా దేశనాయకునికి చెల్లించిన నివాళులు. నివాళి కోసం ఆడిన నాటకం ఉత్సవంతోపాటు ముగిసిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కనుక, ఆయనను జాతిపితగా కొలవవలసిన అవసరం లేని దేశాలలో నాటకం నిలుస్తుందా అన్నదే అసలు పరీక్ష.

2022లో జర్మనీలోని హాలె నగరపు ఒపేరా ఆ పరీక్షకు పూనుకొంది. దర్శకురాలు కాథరీనా కాస్టెనింగ్. ఇక్కడ కొత్త సమస్య ఎదురైంది. 1901 నాటి ప్రేక్షకులకు రోమా యువకుడంటే వెన్నెల, వయొలిన్, నిలకడలేని మనసు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు లక్షలాది రోమా ప్రజలను హతమార్చారు. ఆ సంగతి తెలిసిన జర్మన్ ప్రేక్షకుల ఎదుట, రక్తంలోనే సంచారం ఉన్నదన్నట్లు మాన్రూను చూపడం సాధ్యం కాదు. అతడు గుడిసె విడిచిపోవడానికి కారణం వెన్నెల కాదు, ఊరు అతణ్ణి మనిషిగా చూడకపోవడమే అని చదువుకుంటే నాటకం మరొక విధంగా కనిపిస్తుంది. ఆశ్చర్యమేమంటే, ఈ అర్థానికి స్వరాలు అడ్డుపడవు. మొదటి అంకంలో ఊరివారి బృందగానం ఎంత ఉల్లాసంగా ఉంటుందో, మాన్రూను తరిమేటప్పుడు అంత కఠినంగా మారుతుంది. అది స్వరకర్త రాసిపెట్టిందే.

అదే ప్రదర్శన 2023 మే నెలలో ఫ్రాన్సులోని నాన్సీ నగరానికి చేరింది. వాద్యబృందాన్ని నడిపినది పోలండ్‌లో పుట్టిన మార్తా గార్దొలీన్‌స్కా. పదరెవ్‌స్కీ పియానోను పారిస్ ప్రజలు తొలిసారి విని అప్పటికి 135 ఏళ్ళు. ఆ రోజు వారు విన్నవాటిలో షోపాన్ ఉన్నాడు. ఈసారి ఫ్రాన్సు ప్రేక్షకులు విన్నది పూర్తిగా ఆయన సొంత రచనే.